వక్త, శ్రోత, ప్రస్తావం: చైనీస్ నుడికారాల ఇంగ్లీషు అనువాదాలపై ఒక పరిశీలన

చైనీస్ సాహిత్యం తెలుగు పాఠకులకు చాలావరకు ఇంగ్లీషు మీదుగానే చేరింది. లూ షున్ కథలైనా, విప్లవకాలపు రచనలైనా, ఇటీవలి నవలలైనా మన అనువాదకుల ముందు ఉండే మూలం సాధారణంగా ఒక ఇంగ్లీషు ప్రతి. అందువల్ల చైనీస్ పలుకుబడి ఇంగ్లీషులోకి వెళ్లేటప్పుడు ఏమవుతున్నదన్న ప్రశ్న మనకు పరాయి ప్రశ్న కాదు. ఆ మజిలీలో జారిపోయినది మన దాకా రాదు. అక్కడ కొత్తగా వచ్చి చేరినదాన్ని మనం చైనా సొత్తుగానే స్వీకరిస్తాం.

జాతీయాల అనువాదాన్ని గురించిన చర్చ తరచుగా రెండు మార్గాల మధ్య ఎంపికగా మారుతుంది. మూలంలోని పదచిత్రాన్ని ఉన్నదున్నట్లు తేవడం ఒకటి. లక్ష్యభాషలో అదే అర్థాన్నిచ్చే జాతీయాన్ని వెదికి పెట్టడం రెండవది. చైనాలోనూ ఈ చర్చ పాతదే. హక్స్‌లీ గ్రంథాన్ని చైనీస్‌లోకి తెస్తూ యెన్ ఫూ 1898లో విశ్వసనీయత, సుబోధకత, సౌష్ఠవం అనే మూడు గుణాలను అనువాదానికి లక్షణాలుగా చెప్పాడు. తరువాతి తరంలో లూ షున్, సాఫీగా సాగే అనువాదం కన్న మూలానికి కట్టుబడి కరుకుగా ఉన్న అనువాదమే మేలని వాదించాడు. వీరిద్దరూ ఆలోచించినది పరభాషల నుండి చైనీస్‌లోకి వచ్చే అనువాదాలను గురించి. అయినా చైనీస్ నుండి ఇంగ్లీషులోకి వెళ్లిన అనువాదాలను తూచడానికి కూడా ఈ మాటలనే తూనికరాళ్లుగా వాడేవారు ఎందరో ఉన్నారు.

ఈ రెండు మార్గాలకూ ఉన్న లోపం ఒక్కటేనని ఈ వ్యాసం వాదన. రెండూ నిఘంటువులో ఉన్న పలుకుబడిని చూస్తాయి. ఒక మనిషి నోట, మరొక మనిషి ఎదుట, ఒకానొక క్షణాన అది ఏ పని చేస్తున్నదో చూడవు. ఇందుకు కావలసిన కొలత మన అలంకారశాస్త్రంలోనే ఉన్నది. మమ్మటుడు కావ్యప్రకాశం తృతీయోల్లాసంలో ఆర్థీ వ్యంజనకు హేతువులను చెబుతూ వక్త, బోద్ధవ్యుడు, కాకువు, వాక్యం, వాచ్యం, అన్యసన్నిధి, ప్రస్తావం, దేశం, కాలం మొదలైనవాటిని పేర్కొన్నాడు. ఒకే వాక్యం వక్త మారితే, వినేవారు మారితే, సందర్భం మారితే వేరే అర్థాన్ని ధ్వనిస్తుందన్నది దీని సారం. పలుకుబడుల విషయంలో ఈ జాబితా మరింత అక్షరసత్యం. పలుకుబడికి వాచ్యార్థం అరిగిపోయి ఉంటుంది గనుక మిగిలేది ప్రధానంగా ఈ హేతువుల బలమే.

సంకలనాల నీడ

చైనీస్ నుడికారమంతా ఒకే జాతి కాదు. నాలుగక్షరాల ‘చెంగ్‌యూ’లలో పెక్కింటి వెనుక ప్రాచీన గ్రంథాలలోని ఒక కథ ఉంటుంది. సంస్కృతం నుండి మనకు వచ్చిన న్యాయాలు వీటికి దగ్గరి చుట్టాలు. జువాంగ్‌జి గ్రంథంలోని ‘బావి అడుగున కప్ప’ మన కూపస్థమండూకమే. ‘గుడ్డివారు ఏనుగును తడమడం’ అన్నది బౌద్ధ గ్రంథాల వెంట ఇక్కడినుండే చైనాకు ప్రయాణం చేసింది. అది మన అంధగజ న్యాయం. ఇలాంటి చోట్ల తెలుగు అనువాదకుడు ఇంగ్లీషు వాక్యాన్ని పట్టుకొని వేలాడనక్కరలేదు. ‘యెన్‌యూ’లు అంటే సామెతలు. ‘ష్యేహౌయూ’లు రెండు ముక్కలుగా ఉంటాయి. మొదటిది పొడుపు, రెండవది విడుపు. మొదటి ముక్క అని ఊరుకుంటే రెండవది వినేవారే పూరించుకుంటారు. మనం ‘అంగట్లో అన్నీ ఉన్నా’ అని ఆగిపోయి అల్లుడి సంగతి ఎదుటివారి ఊహకు వదిలేస్తాం గదా, అటువంటిది. ఇవి కాక పలకరింపులు, సాగనంపే మాటలు, తిట్లు, వరసపిలుపులు. నిత్యం వినబడేవి గనుక సంకలనకర్తల కంట పడనివి ఇవే. అనువాదంలో ఎక్కువగా చెడేవీ ఇవే.

అక్షరాలను విడదీసి చూపించే వేడుక ఒకటి ఇంగ్లీషు పాఠకులలో ఉన్నది. ‘మామా హూహూ’ అంటే ‘గుర్రం గుర్రం పులి పులి’ అని చెప్పి అబ్బురపడతారు. ఏదో అలా అలా, అంతంతమాత్రంగా అన్నదే దాని వాడుకలోని అర్థం. ‘వస్తువు’ అన్న సాధారణ పదాన్ని రాసే రెండు అక్షరాలకు విడివిడిగా తూర్పు, పడమర అని అర్థం. వాటిని పలికే చైనీయుడి మనసులో గుర్రమూ ఉండదు, దిక్కులూ ఉండవు. ‘కాళ్లకు బలపం కట్టుకొని తిరిగాడు’ అన్నప్పుడు మన కళ్లముందు బలపం మెదలదు. దాన్ని ఇంగ్లీషులో యథాతథంగా చెబితే మాత్రం బలపం తప్ప మరేదీ కనబడదు. యథాతథానువాదం విశ్వసనీయమన్న నమ్మకం ఇక్కడ బీటలు వారుతుంది. చనిపోయిన రూపకానికి ప్రాణం పోయడం కూడా మూలాన్ని మార్చడమే. అది మాట్లాడినవాడిని అకారణంగా కవిని చేస్తుంది, అతడి జాతిని అకారణంగా వింతజాతిని చేస్తుంది.

ఈ ధోరణికి మూలం సామెతల సంకలనాలలో ఉన్నదని అనిపిస్తుంది. 1868లో మద్రాసులో కెప్టెన్ ఎం. డబ్ల్యు. కార్ ప్రకటించిన ‘ఆంధ్ర లోకోక్తి చంద్రిక’ మన రంగంలో అందరూ ఎరిగిన గ్రంథం. సామెతకు ఇంగ్లీషు అనువాదం, వివరణ, వీలైన చోట ఇతర భాషల సమాన సామెత అన్నది అందులోని పద్ధతి. 19వ శతాబ్దం చివర చైనాలో మిషనరీగా ఉన్న ఆర్థర్ స్మిత్ చైనీస్ సామెతలనూ వాడుకమాటలనూ ఇంగ్లీషులో సంపుటీకరించాడు. ఈ గ్రంథాల ఉపకారం పెద్దది. అయితే సంకలనంలో సామెతకు వక్త లేడు, బోద్ధవ్యుడు లేడు. ప్రస్తావం అసలే లేదు. వరుస సంఖ్య ఉన్నది, అర్థం ఉన్నది. యథాతథమా, సమానార్థకమా అన్న ప్రశ్న అటువంటి పుటమీద పుట్టగలిగిన ప్రశ్న. నవలలోనో సంభాషణలోనో సామెత ఎదురైనప్పుడు కూడా మనం అదే ప్రశ్న అడగడం పాత అలవాటు.

అమ్మమ్మ అన్న మాట

18వ శతాబ్దపు మహానవల ‘హుంగ్‌లౌ మెంగ్’కు ఇంగ్లీషులో రెండు పూర్తి అనువాదాలు ప్రసిద్ధాలు. ఆక్స్‌ఫర్డ్‌లో ఆచార్యపదవిని వదులుకొని డేవిడ్ హాక్స్ మొదలుపెట్టిన ‘ది స్టోరీ ఆఫ్ ది స్టోన్’ మొదటి సంపుటం 1973లో వెలువడింది. చివరి 40 అధ్యాయాలను జాన్ మిన్‌ఫర్డ్ పూర్తిచేయగా అయిదవ సంపుటం 1986లో వచ్చింది. యాంగ్ ష్యేన్‌యీ, గ్లాడిస్ యాంగ్ దంపతుల ‘ఎ డ్రీమ్ ఆఫ్ రెడ్ మాన్షన్స్’ను 1978–80 మధ్య బీజింగ్‌లోని విదేశీ భాషల ప్రచురణాలయం ప్రకటించింది. ఈ రెండింటినీ పోల్చే వ్యాసాలలో దాదాపు తప్పనిసరిగా కనిపించే ఉదాహరణ ఆరవ అధ్యాయంలో లియు లావ్‌లావ్ పలికిన సామెత. యత్నం మనిషి చేతిలో ఉన్నది, సిద్ధి ఆకాశం చేతిలో ఉన్నది అన్నది దాని భావం. హాక్స్ ఇంగ్లీషు సామెతను తెచ్చి ‘మ్యాన్ ప్రపోజెస్, గాడ్ డిస్పోజెస్’ అన్నాడు. యాంగ్ దంపతులు అదే చట్రాన్ని ఉంచి ‘గాడ్’ స్థానంలో ‘హెవెన్’ను నిలిపారు. హాక్స్ క్రైస్తవ దేవుణ్ణి చైనా పల్లెకు తెచ్చాడని కొందరు ఆక్షేపిస్తారు, ఇంగ్లీషు పాఠకుడికి సుగమం చేశాడని కొందరు సమర్థిస్తారు. చర్చ ‘గాడ్’, ‘హెవెన్’ల దగ్గర ఆగిపోతుంది.

సామెత పలికిన సందర్భాన్ని చూద్దాం. ఆమె వితంతువు, మగపిల్లలు లేరు. కూతురి ఇంట, అల్లుడి పోషణలో ఉంటున్నది. చలికాలం ముంచుకొస్తున్నది, ఇంట్లో ఏ ఏర్పాటూ లేదు. అల్లుడు దిగులుతో తాగి ఇంటివారిమీద విసుక్కుంటున్నాడు. కూతురు నోరెత్తలేదు. ముసలామె అల్లుడిని మందలిస్తుంది. ఏదైనా ఉపాయం చూడమంటుంది. మనకు పన్నులు వసూలు చేసే చుట్టాలున్నారా, అధికారులైన మిత్రులున్నారా, ఎవరు పట్టించుకుంటారని అతడు నిరాశగా బదులిస్తాడు. సరిగ్గా ఆ నిరాశకు సమాధానంగా ఆమె నోట ఈ సామెత వస్తుంది. మనం చేయవలసిన ఆలోచన మనం చేద్దాం, బోధిసత్త్వుల దయ ఉంటే ఏదో అవకాశం దొరకవచ్చు అన్న ధోరణిలో ఆమె మాట సాగుతుంది. మరునాడు మనుమడిని వెంటబెట్టుకొని జ్యా వంశం వారి మేడకు వెళ్లి ఇరవై తాయెళ్ల వెండితో తిరిగి వస్తుంది.

ఇది పనికి పురికొల్పే మాట. దీని బరువంతా మొదటి సగం మీద ఉన్నది. యత్నం మన చేతిలోనే ఉన్నది, కాబట్టి లే! ఇంగ్లీషు సామెత బరువు రెండవ సగం మీద ఉన్నది. లాటిన్‌లో థామస్ ఎ కెంపిస్ గ్రంథం ద్వారా ప్రచారం పొందిన ఆ వాక్యం, మనిషి తన తెలివిని నమ్ముకోరాదన్న ఉపదేశంలో భాగం. ఇంగ్లీషు వాడుకలో అది సాధారణంగా తలపెట్టిన పని చెడిన తరువాత వచ్చే నిట్టూర్పు. ‘గాడ్’ అన్నా ‘హెవెన్’ అన్నా ఆ చట్రం మారలేదు గనుక ఆ నిట్టూర్పూ మారలేదు. ఇద్దరు అనువాదకుల మధ్య ఉన్న తేడాను గురించి అన్ని పుటలు రాసిన విమర్శకులు, ఇద్దరికీ ఉమ్మడిగా ఉన్న ఈ చట్రాన్ని పట్టించుకోవలసినంతగా పట్టించుకోలేదు.

ఇదే సామెతను చైనీస్‌లో నిట్టూర్పుగానూ వాడవచ్చు. ‘సాన్‌గ్వో’ (మూడు రాజ్యాల) నవల 103వ అధ్యాయంలో ఝుగే లియాంగ్ తన శత్రువు సిమా యీని లోయలోకి రప్పించి నిప్పుపెడతాడు. హఠాత్తుగా కురిసిన వాన మంటలను ఆర్పివేయగా శత్రువు తప్పించుకుంటాడు. అప్పుడు ఆ మహామంత్రి అన్నది ఈ సామెతే. అక్కడ ‘మ్యాన్ ప్రపోజెస్’ చట్రం చక్కగా అమరుతుంది. మాట ఒకటే. అక్కడ వక్త ఓడిన సేనాధిపతి, ప్రస్తావం పని చెడిన తరువాత. ఇక్కడ వక్త అల్లుడి ఇంట ఉన్న అత్తగారు, ప్రస్తావం పని మొదలుకాక ముందు. నిఘంటువుకు ఈ భేదం అక్కరలేదు, నవలకు ఇదే ప్రాణం. లియు లావ్‌లావ్ ఆనాడు లేవకపోతే ఆ కుటుంబానికీ జ్యా వంశానికీ పొత్తు కుదరదు. నవల చివరి భాగంలో షీఫెంగ్ కూతురిని ఆపద నుండి కాపాడే మనిషీ ఉండదు.

తెలుగులో ఈ రెండు పనులకు రెండు సామెతలున్నాయి. ‘తానొకటి తలచిన దైవమొకటి తలచును’ అన్నది ఝుగే లియాంగ్ నోటికి సరిపోతుంది. ‘ప్రయత్నం మనది, ఫలితం దైవానిది’ అన్నది లియు లావ్‌లావ్ మాట. ఇంగ్లీషు ప్రతిని మాత్రమే చూసే తెలుగు అనువాదకుడు ‘గాడ్ డిస్పోజెస్’ కనబడగానే మొదటిదాన్ని పెట్టేస్తాడు. అలవాటు చేయి అటే వెళ్తుంది. ముసలామె పురికొల్పు తెలుగులో మెట్టవేదాంతమై కూర్చుంటుంది.

ఆమె పేరులోనే మరొక ముడి ఉన్నది. ‘లావ్‌లావ్’ అంటే ఉత్తరాది వాడుకలో తల్లి తల్లి. హాక్స్, యాంగ్ దంపతులు ఇద్దరూ ‘గ్రానీ’ అన్నారు. ఇంగ్లీషుకు అంతకు మించి గత్యంతరం లేదు. ఆమె అల్లుడి ఇంట్లో ఉంటున్నదన్న సంగతి ఆ ఇంటి పిల్లల పిలుపులోనే చైనీస్ పాఠకుడికి అందుతుంది. ‘అమ్మమ్మ’ అంటే మనకూ అందుతుంది. అల్లుడిని మందలించే హక్కు ఆమెకు ఎంత తక్కువో, అయినా మందలించిందంటే ఎంత తెగువో తెలుగు పాఠకుడికి ఎవరూ అధోజ్ఞాపికలో చెప్పనక్కరలేదు.

పులి, గొడుగు

అనువదించిన మాటను మాట్లాడినవాడే సరిదిద్దిన సందర్భాలు అరుదు. 1946 ఆగస్టులో యెనాన్‌లో అమెరికన్ పాత్రికేయురాలు అన్నా లూయీ స్ట్రాంగ్‌తో మాట్లాడుతూ మావో తన ప్రత్యర్థులను ‘కాగితపు పులులు’ అన్నాడు. దుబాసీ దానికి ఇంగ్లీషులో సమానార్థకాన్ని వెదికి, చేలలో పక్షులను బెదిరించే బొమ్మకు ఉన్న పేరు చెప్పాడు. మావో ఆపి, ఆ ఇంగ్లీషు మాటకు అర్థమేమిటని అడిగాడు. తెలుసుకొని ఒప్పుకోలేదు. తన పులి కాకులను బెదిరించేది కాదు, పిల్లలను బెదిరించేది. చూడటానికి భీకరమైన పులి, నిజానికి కాగితపు ముద్ద, తడిస్తే మెత్తబడుతుంది, పెద్దవాన వస్తే కొట్టుకుపోతుంది. స్ట్రాంగ్ తరువాత రాసిన జ్ఞాపకాలలో ఈ వివరమంతా ఉన్నది.

దుబాసీ ఎంపిక అర్థం దృష్ట్యా తప్పు కాదు. హాని చేయలేని బెదిరింపు అన్నది రెండింటికీ సమానమే. మావోకు కావలసినది అర్థం కాదు, వాన. బెదిరింపు ఉత్తదని చెప్పడం ఒకటి, కాలం గడిస్తే అది కరిగిపోతుందని చెప్పడం వేరొకటి. ఎదుట ఉన్నది ఒక విదేశీ పాత్రికేయురాలు, అంతర్యుద్ధం రాజుకుంటున్న రోజులు, అవతల అణుబాంబు ఉన్న దేశం. ఆ ప్రస్తావంలో ఓపికతో నిలబడగలమన్న ధీమాయే ఆ మాట చేసిన పని. ఇక్కడ యథాతథానువాదం గెలిచింది. గెలుపుకు కారణం యథాతథం కావడం కాదు. వక్త ఆ పదచిత్రాన్ని నిద్రలేపి వాడుతున్నాడు కావడం. ఇంగ్లీషు ద్వారా వచ్చిన ‘కాగితపు పులి’ తెలుగు రాజకీయ రచనలో స్థిరపడి, ఇప్పుడు దాని పుట్టుక తెలియనివారు కూడా వాడుతున్నారు. దుబాసీ మొదటి మాటే నిలిచి ఉంటే మనవారు ‘దిష్టిబొమ్మ’ అని ఉండేవారేమో. అది మన వీధుల్లో తగలబెట్టే వస్తువు, వానలో కరిగేది కాదు.

ఇరవై నాలుగేళ్ల తరువాత అదే వక్త మాట మరొక దారి పట్టింది. 1970 డిసెంబరు 18న మావో ‘రెడ్ స్టార్ ఓవర్ చైనా’ రచయిత ఎడ్గార్ స్నోతో మాట్లాడుతూ, గొడుగు పట్టిన బౌద్ధ భిక్షువును గురించిన ష్యేహౌయూను తనకు అన్వయించుకున్నాడు. భిక్షువుకు తలమీద వెంట్రుకలు లేవు. గొడుగు కింద ఉన్నాడు గనుక తలపైన ఆకాశమూ లేదు. వెంట్రుకకూ శాసనానికీ చైనీస్‌లో దాదాపు ఒకే ఉచ్చారణ, ‘ఫా’. ‘వూ ఫా వూ త్యెన్’ అంటే వెంట్రుక లేదు, ఆకాశం లేదు. శ్లేషలో శాసనమూ లేదు, దైవమూ లేదు. ఎవరి కట్టుబాటుకూ లొంగనివాడినని నవ్వుతూ చెప్పడమన్నమాట. 1971 ఏప్రిల్ 30 నాటి ‘లైఫ్’ పత్రికలో స్నో రాసిన వ్యాసంలో ఇది, చిల్లులున్న గొడుగుతో లోకంలో ఒంటరిగా నడిచిపోయే సన్యాసి చిత్రంగా మారింది. ఒంటరితనం మూలంలో లేదు, చిల్లులు లేవు, నడక లేదు. శ్లేష పోయిన ఖాళీలో కరుణరసం వచ్చి కూర్చున్నది. సాంస్కృతిక విప్లవం నడుస్తున్న దేశంలో సర్వాధికారి తాను ఏ శాసనానికీ కట్టుబడనని అన్న మాట, పాశ్చాత్య పాఠకుడికి అలసిన తాత్త్వికుడి ఏకాంతంగా అందింది. చాలాకాలం ఎందరో ఆ సన్యాసినే ఉటంకిస్తూ పోయారు. ఒక సామెత అనువాదం చెడితే పోయేది సొగసు మాత్రమేనని అనుకునేవారు ఈ ఉదాహరణను ఒకసారి తూచి చూడాలి.

రాజనీతిలో ఇటువంటివి మరికొన్ని ఉన్నాయి. ‘తావ్‌గ్వాంగ్ యాంగ్‌హుయ్’ అన్న చెంగ్‌యూ 1989 తరువాత డెంగ్ షియావోపింగ్ విదేశాంగనీతికి గుర్తుగా ప్రచారంలోకి వచ్చింది. వెలుగును ఒరలో ఉంచి మరుగున మెలగడం దాని పదార్థం. అమెరికా రక్షణశాఖ 2002 నుండి తన వార్షిక నివేదికలలో దీన్ని సామర్థ్యాలను దాచి అదను కోసం కాచుకోవడంగా అనువదిస్తూ వచ్చింది. ఇది అణకువగా ఉండటాన్ని చెప్పే మాటేనని చైనా పండితులు ఆక్షేపించారు. తెలుగులో ‘ఒదిగి ఉండటం’ అంటే ఒక చైనా, ‘అజ్ఞాతవాసం’ అంటే మరొక చైనా. భారతం చదివినవారికి అజ్ఞాతవాసం తరువాత వచ్చే పర్వాలేమిటో తెలుసు. ప్రాచీన ప్రయోగాలలో ఈ చెంగ్‌యూ రెండు ఛాయలనూ మోయగలదు. నివేదిక చేసినది ఒక ఛాయను అర్థంగా స్థిరీకరించడం, అదీ వక్తను ముందే శత్రువుగా ఎంచుకొని. 2008 డిసెంబరులో హు జింటావ్ ఒక మహాసభలో ఉపన్యసిస్తూ గంభీరమైన నినాదాల వెంట ‘బూ జతంగ్’ అన్న ఉత్తరాది ఇంటిమాటను వాడగా సభ నవ్వింది. ఊరికే కెలికి రచ్చ చేసుకోవద్దన్నది దాని భావం. కొద్ది రోజులకే ఒక పత్రికా సమావేశంలో ఆ మాట మళ్లీ వచ్చినప్పుడు దుబాసీ దాన్ని అనువదించకుండా చైనీస్‌లోనే పలికి ఊరుకున్నారు. నాకది చేతకానితనంగా కనిపించదు.

తిన్నావా అన్న పలకరింపు

చైనీయులు ఒకరినొకరు ‘తిన్నావా?’ అని పలకరించుకుంటారన్నది ఇంగ్లీషు పాఠ్యగ్రంథాలలో ఒక వింతగా నమోదవుతుంది. తెలుగువాడికి ఇందులో వింత ఏమున్నది? ‘భోంచేశారా?’ అన్నదానికి మనం వంటకాల జాబితా చెప్పం. సాగనంపేటప్పుడు గృహస్థు అనే ‘మాన్ జౌ’ పదార్థంలో ‘మెల్లగా నడవండి’. వాడుకలో మన ‘జాగ్రత్తగా వెళ్లి రండి’. ఇంగ్లీషులో ఒకటి ‘హలో’, మరొకటి ‘గుడ్‌బై’ అవుతాయి. ఇది చాలా చోట్ల న్యాయమే. ప్రతి పలకరింపునూ పదార్థంతో తెస్తే పాత్రలన్నీ తిండి ధ్యాసలో ఉన్నట్లు కనబడతాయి.

అయితే అరిగిన పలకరింపు కూడా ఒక్కొక్కప్పుడు అరగని మాట అవుతుంది. యూ హ్వా నవలలో రక్తం అమ్ముకొని బతికే షూ సాన్‌గ్వాన్ కరువురోజుల్లో తన వాళ్లకు మాటలతోనే వంటలు వండి పెడతాడు. అటువంటి కరువు కథలో ఎవరైనా ఎవరినైనా ‘తిన్నావా?’ అని అడిగితే అది ‘హలో’ కాజాలదు. అదే పలుకుబడికి ఒకే గ్రంథంలో ఒకే అనువాదం ఉండాలన్న నియమం పదకోశానికి ముచ్చట, కథకు చేటు.

తిట్ల విషయంలో లూ షున్ స్వయంగా దారి చూపాడు. తల్లిని దూషించే ఒక సర్వసాధారణమైన చైనీస్ తిట్టును గురించి 1925లో ఆయన ఒక వ్యాసం రాశాడు. దాని పుట్టుపూర్వోత్తరాలను వంశగౌరవాలపై పామరుడి కసిగా విశ్లేషించి, చివరికి తన ఊళ్లో చూసిన సంగతి చెబుతాడు. తండ్రీ కొడుకులు అన్నం తింటున్నారు. కూర బాగుంది, కాస్త వేసుకొమ్మని కొడుకు ఆ తిట్టు కలిపి తండ్రితో అంటాడు. నాకొద్దు, నువ్వే తినమని తండ్రి అదే తిట్టు కలిపి బదులిస్తాడు. అక్కడ ఆ తిట్టు ముద్దుమాట అయిందని లూ షున్ గమనించాడు. ఇలాంటిది ఇంగ్లీషులో దిద్దుబాటు లేని బూతుగా వస్తే ఆ భోజనం జగడమవుతుంది, పూర్తిగా తీసివేస్తే ఆ చనువు పోతుంది. మన పల్లెల్లో ఆప్యాయంగా వాడే తిట్లను సేకరించినవారికి ఈ ఇరకాటం తెలిసినదే.

‘కజిన్’ చాటున

ఇంతవరకు చెప్పినదాన్ని బట్టి ఇంగ్లీషు పోగొట్టినదాన్ని తెలుగు తిరిగి రాబట్టగలదన్న ధీమా కలగవచ్చు. లావ్‌లావ్ విషయంలో అది నిజమే. అదే నవలలోని కథానాయకుడి వరసల దగ్గరికి వచ్చేసరికి ఆ ధీమా నిలవదు.

బావోయూకు దాయ్‌యూ తండ్రి చెల్లెలి కూతురు, అంటే మేనత్త కూతురు. బావోచాయ్ తల్లి చెల్లెలి కూతురు, అంటే పిన్ని కూతురు, వయసులో పెద్దది. ఇంగ్లీషులో ఇద్దరూ ‘కజిన్’లు. చైనీస్‌లో ఇద్దరినీ ఇంటిపేరు వేరైన వారి సంతానంగా ‘బ్యావ్’ వరసలో చేర్చారు. ఆనాటి చైనీయ ఆచారంలో ఇద్దరూ పెళ్లాడదగినవారే. అతడు దాయ్‌యూను ‘లిన్ మెయ్‌మెయ్’ అని, బావోచాయ్‌ను ‘బావో జ్యేజ్యే’ అని పిలుస్తాడు. పదార్థంలో ఒకటి చెల్లెలు, ఒకటి అక్క.

తెలుగు అనువాదకుడు ఈ పిలుపులను యథాతథంగా తెస్తే ప్రేమకథ మొదటి పుటలోనే కూలిపోతుంది. ‘చెల్లీ’ అని పిలిచిన అమ్మాయి కోసం కన్నీరు కార్చే నాయకుణ్ణి మన పాఠకుడు భరించలేడు. సమానార్థకం వెదికితే దాయ్‌యూకు మరదలు వరస ముచ్చటగా కుదురుతుంది. చైనీస్‌లో లేని చనువు కూడా ఆ మాటలో వచ్చి చేరుతుంది. అది కాస్త ఎక్కువే. కానీ అదే సూత్రంతో బావోచాయ్ తెలుగులో నిజమైన అక్క అవుతుంది. నవల చివర బావోయూకు పెళ్లి జరిగేది ఆమెతో. మూలంలో ఆ పెళ్లి విషాదం, మోసం. తెలుగులో వావి తప్పిన పని అవుతుంది. పాఠకుడి ఏవగింపు దాయ్‌యూ మరణాన్ని మరుగున పడేస్తుంది. మేనరికం మనకు ప్రియమై, అక్కచెల్లెళ్ల సంతానం మనకు తోబుట్టువులు కావడం వల్ల, రెండు పక్షాలూ సమానంగా తూగవలసిన త్రాసు తెలుగులో దానంతట అదే దాయ్‌యూ వైపు మొగ్గుతుంది.

కాబట్టి ఇక్కడ నా మొగ్గు ‘మెయ్‌మెయ్’, ‘జ్యేజ్యే’ అన్న పిలుపులను చైనీస్‌లోనే ఉంచడం వైపు. బంధుత్వం చెప్పక తప్పని చోట దాయ్‌యూను ‘మేనత్తగారమ్మాయి’ అనవచ్చు. బావోచాయ్ దగ్గర ‘పిన్ని’ అన్న మాట రానీయకుండా ‘షుఎ వారి అమ్మాయి’ అని ఇంటిపేరుతో చెప్పవచ్చు. తల్లివైపు చుట్టరికం మాత్రం కథ అడిగినప్పుడు, అడిగినంత మేరకు. లియు లావ్‌లావ్‌ను అమ్మమ్మను చేసిన చేత్తోనే ఇక్కడ వరసను దాచవలసి వస్తున్నది.